ముద్ద దిగని పసివాడు

నందిగామలో మా యెదురింటి అబ్బాయికి మూడేళ్లు. ఎత్తుకుంటే ఏడాది పిల్లవాడంత బరువయినా లేడు. పుట్టగానే మెదడుకు ప్రాణవాయువు చాలక కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. సెరిబ్రల్ పాల్సీ అన్నారు వైద్యులు.

"గంటసేపు పెడతానండీ మాస్టారూ, సగం బయటికే వస్తుంది. ఉత్త పెంకివాడు!" అని కంటతడి పెట్టింది వాళ్లమ్మ.

పెంకితనం కాదది. నమలడం, మింగడం కండరాల పని. ఆ కండరాలను నడిపేది మెదడే గదా! జగ్గయ్యపేటనుంచి వచ్చిన అమ్మమ్మ చాచిన కాళ్లమీద వాణ్ని పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో పోస్తుంది. తరతరాల అలవాటే, కాని ఇటువంటి బిడ్డకు అదే ముప్పు. తల వెనక్కు వాలితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తింటూ దగ్గడం, గొంతు గురగురమనడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం దానికి గుర్తులు.

బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిన్న చెంచాతో పెట్టాలి. ఒక ముద్ద దిగాకే మరొకటి. నీళ్లలాంటి పాలకన్న చిక్కటి జావ చాలామందికి సులువుగా దిగుతుంది. మెత్తటి పప్పన్నంలో నెయ్యి కలిపితే కొద్ది తిండిలోనే ఎక్కువ శక్తి. అయినా బరువు పెరగకపోతే వైద్యుణ్ణి అడగాలి. పొట్టలోకి గొట్టం అమర్చి ఆహారమిచ్చే మార్గమూ ఉంది. అది తల్లి ఓటమి కాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లోనే పిల్లలను పరీక్షిస్తారు. ఆలస్యం చేయకండి.

మొన్న అమ్మమ్మ వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తినిపిస్తోంది. గిన్నె ఖాళీ కాలేదు. కాని వాడు ఒక్కసారీ దగ్గలేదు.