Flamingo Festival: సూళ్లూరుపేట పక్షుల పండుగ ఎలా మొదలైంది? మధ్యలో ఎందుకు ఆగింది? రాజహంసలు రావాలంటే ఏం కావాలి?

సంక్రాంతి రోజులొచ్చాయంటే చాలు.. తిరుపతి జిల్లా సూళ్లూరుపేటలో హడావుడి మొదలవుతుంది. మామూలు రోజుల్లో ఈ ఊరి పేరు మనకు రాకెట్ ప్రయోగాలప్పుడే వినిపిస్తుంది. శ్రీహరికోటకు వెళ్లాలంటే ఈ ఊరు దాటాల్సిందే. కానీ జనవరిలో మాత్రం ఇక్కడికి జనం వచ్చేది రాకెట్ కోసం కాదు, పక్షుల కోసం. అదే ఫ్లెమింగో ఫెస్టివల్. స్థానికులు పక్షుల పండుగ అంటారు.

2001లో మొదలైన ఈ పండుగకు పాతికేళ్ల చరిత్ర ఉంది. మధ్యలో కొన్నేళ్లు ఆగిపోయి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. ఇంతకీ ఒక చిన్న పట్టణంలో పక్షుల పేరు మీద పండుగ ఎందుకు పెట్టారు? పండుగ ఆగితే పక్షులు కూడా ఆగిపోతాయా? ఆ వివరాలు చూద్దాం.

అసలు పండుగ ఎలా మొదలైంది?

సూళ్లూరుపేట చెన్నైకి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, జాతీయ రహదారి పక్కనే ఉంటుంది. చెంగాళమ్మ గుడికి పేరున్న ఊరు. దీనికి తూర్పున పులికాట్ సరస్సు. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, మిగతాది తమిళనాడులో ఉంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య గోడలా నిలబడిన దీవే శ్రీహరికోట. పులికాట్‌కు స్థానికంగా ఉన్న పాత పేరు ప్రళయకావేరి. స.వెం. రమేశ్ రాసిన 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు ఈ సరస్సు, దాని చుట్టూ ఉన్న పల్లెల బతుకు బాగా తెలుసు.

ఇక పట్టణానికి ఉత్తరంగా, దొరవారిసత్రం మండలంలో నేలపట్టు అనే చిన్న ఊరుంది. ఆ ఊరి చెరువే నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు.

ఒకవైపు సరస్సు, ఇంకోవైపు చెరువు. రెండు చోట్లా చలికాలంలో వేల పక్షులు. అయినా 2001కి ముందు వీటి గురించి పక్షి ప్రేమికులకు తప్ప బయటివాళ్లకు పెద్దగా తెలియదు. అప్పట్లో సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలో ఉండేది. పర్యాటకులను రప్పించాలి, పక్షుల గురించి పిల్లలకు చెప్పాలి అన్న ఆలోచనతో జిల్లా యంత్రాంగం ఫ్లెమింగో ఫెస్టివల్ మొదలుపెట్టింది. సాధారణంగా మూడు రోజుల కార్యక్రమం. పగలు నేలపట్టులో పక్షుల వీక్షణ, భీమునివారిపాళెంలో పడవ షికారు, బడి పిల్లలకు పోటీలు, స్టాళ్లు. సాయంత్రమైతే సూళ్లూరుపేట మైదానంలో పాటలు, డాన్సులు. సినిమా వాళ్లు వస్తే ఆ రాత్రి ఊళ్లో అడుగు పెట్టే సందుండదు.

మధ్యలో ఎందుకు ఆగింది?

ఇది గుడి జాతర లాంటిది కాదు. జాతరకు తిథి ఉంటుంది, ఊరు ఉంటుంది, ఎవరు అవునన్నా కాదన్నా ఆ రోజుకు జరిగిపోతుంది. పక్షుల పండుగ మాత్రం ప్రభుత్వం తేదీ చెప్పి, నిధులిస్తేనే జరుగుతుంది.

2020 జనవరిలో పండుగ జరిగింది. ఆ తర్వాత కొద్ది నెలలకే కరోనా వచ్చిపడింది. ఆపై వరసగా కొన్నేళ్లు పండుగ ఊసే లేదు. ఈలోగా 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగి, సూళ్లూరుపేట నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి మారిపోయింది. చివరికి 2025 జనవరి 18 నుంచి 20 వరకు తిరుపతి జిల్లా తరఫున మళ్లీ నిర్వహించారు.

ఈ పరిస్థితి మన వైపు వాళ్లకు కొత్తేం కాదు. రొళ్ల, మడకశిర, హిందూపురం జనానికి లేపాక్షి ఉత్సవాలు గుర్తుండే ఉంటాయి. అవి 2016లో, 2018లో, 2020లో జరిగాయి. ప్రభుత్వం చేసే పండుగలకు 'ఏటా' అన్న మాట చాలాసార్లు కాగితం మీదే ఉంటుంది.

అయితే ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. పండుగ లేని ఏళ్లలో కూడా పక్షులు వచ్చాయి. వాటికి కావాల్సింది స్టేజీ, లైట్లు కాదు. నీళ్లు.

'సైబీరియా పక్షులు'.. ఇది నిజమేనా?

పండుగ వచ్చినప్పుడల్లా వినిపించే మాట ఇది. 'వేల కిలోమీటర్లు దాటి సైబీరియా నుంచి వచ్చి, ఇక్కడ గుడ్లు పెట్టి, పిల్లలతో తిరిగి వెళ్లిపోతాయి' అంటుంటారు. వినడానికి బాగుంటుంది కానీ ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి.

నిజంగా ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చే పక్షులు ఉన్నాయి. సూదితోక బాతుల్లాంటి రకరకాల బాతులు, ఉల్లంకులు, సముద్రపు కాకులు పులికాట్‌కు వస్తాయి. కానీ అవి ఇక్కడ గూళ్లు కట్టవు. చలి నుంచి తప్పించుకుని, తిండి తిని, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. వాటి పిల్లలు పుట్టేది ఆ ఉత్తర దేశాల్లోనే.

నేలపట్టు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు మాత్రం మన ఉపఖండం పక్షులే. గూడబాతు అంటే కింది ముక్కుకు పెద్ద సంచి వేలాడే పెలికాన్. ఇవి దేశం లోపలే నీళ్లున్న చోటికి, తిండి దొరికే చోటికి మారుతూ ఉంటాయి. పిల్లల్ని కనడానికి నేలపట్టును ఎంచుకుంటాయి. అంటే ఇవి చుట్టాలు కాదు, పుట్టింటికి వచ్చిన ఆడపడుచులు.

మరి పండుగకు పేరిచ్చిన ఫ్లెమింగో సంగతేంటి? పత్రికల్లో రాజహంస అని రాసే ఈ పక్షి మన దేశంలో ప్రధానంగా గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని రణ్ ఆఫ్ కచ్‌లో. పులికాట్‌కు తిండి కోసం వస్తుంది. సరస్సు లోతు చాలా చోట్ల మీటరు కూడా ఉండదు. పొడవాటి కాళ్లతో ఆ నీళ్లలో నిలబడి, తల కిందికి వంచి, ముక్కును తిరగేసి నీటిని వడగడుతుంది. నీళ్లు బయటికి పోతాయి, నాచు, చిన్న చిన్న రొయ్య జాతి జీవులు లోపల మిగులుతాయి. ఆ తిండిలో ఉండే కెరోటినాయిడ్ల వల్లే దాని రెక్కలకు గులాబీ రంగు వస్తుంది. క్యారెట్‌కు రంగునిచ్చేది కూడా ఈ కోవ పదార్థమే. అందుకే ఫ్లెమింగో పిల్ల పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటుంది. రంగు పుట్టుకతో రాదు, తిండితో వస్తుంది.

చెరువుకూ సరస్సుకూ లింకేంటి?

నేలపట్టు చెరువులో నీటి కడప చెట్లు ఉంటాయి. నెలల తరబడి మొదలు నీళ్లలో మునిగి ఉన్నా చావని చెట్టు ఇది. చుట్టూ నీళ్లుంటే పిల్లులు, నక్కలు గూటి దాకా సులువుగా రాలేవు. అందుకే గూడబాతులకు ఆ కొమ్మలంటే అంత ఇష్టం.

కానీ గూడబాతు సంసారానికి ఈ చెరువు చేపలు చాలవు. అందుకే తల్లీతండ్రీ సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని పులికాట్‌కు ఎగిరి వెళ్లి, చేపలు పట్టి, గొంతులో నింపుకుని తిరిగొచ్చి పిల్లల నోట్లో పెడతాయి. ఇల్లు మంచినీళ్ల చెరువులో, వంటగది ఉప్పునీళ్ల సరస్సులో అన్నమాట. రెండింట్లో ఏది దెబ్బతిన్నా పిల్లలు బతకవు.

ఈ రెండింటినీ నింపేది ఈశాన్య రుతుపవనాలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానలకు చెరువు నిండుతుంది. కాళంగి, అరణి లాంటి నదుల నుంచి సరస్సులోకి వరద నీరు వస్తుంది. సముద్రపు నీటితో కలిసి ఉప్పదనం తగ్గుతుంది, చేప, రొయ్య పెరుగుతాయి. వాన పడిన ఏడాది కొమ్మకొమ్మకూ గూడే. వాన మొహం చాటేస్తే గూళ్లు పల్చబడతాయి. జనవరిలో జరిగే పండుగ ఎలా ఉంటుందో అక్టోబర్, నవంబర్ వానలే చెప్పేస్తాయి.

నేలపట్టు రైతులకు ఇందులో ఇంకో లాభం ఉంది. పక్షుల రెట్ట చెరువులో కలుస్తుంది. ఆ నీళ్లు పొలానికి పారితే ఎరువు వేసినట్టే. పక్షుల్ని ఊరి వాళ్లు కాపాడుకోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, పంట కూడా ఒక కారణం.

మరి సమస్య ఎక్కడుంది?

పులికాట్ బతకాలంటే సముద్రంతో సంబంధం తెగకూడదు. సముద్రపు నీళ్లు సరస్సులోకి వచ్చే దారుల్ని ముఖద్వారాలు అంటారు. మన వైపు రాయదొరువు లాంటి చోట్ల ఈ ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడిపోతున్నాయి. దారి మూసుకుపోతే సముద్రం నుంచి చేప, రొయ్య పిల్లలు లోపలికి రావు. ఎండాకాలంలో ఉత్తర భాగం ఎండిపోయి నెర్రెలిచ్చిన మైదానంలా మారుతుంది. పడవలు ఒడ్డున పడి ఉంటాయి, సరస్సునే నమ్ముకున్న మత్స్యకారులు పనులు వెతుక్కుంటూ ఊరు విడవాల్సి వస్తుంది. పూడిక తీయాలన్నది వాళ్లు ఏళ్లుగా చేస్తున్న డిమాండ్.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డు కూడా చర్చలో ఉంది. రాకెట్ కేంద్రానికి ఆ రోడ్డే ఆధారం. అయితే దానివల్ల సరస్సు ఉత్తర, దక్షిణ భాగాల మధ్య నీటి కదలిక తగ్గిందని పరిశోధకులు చెబుతారు. విచిత్రం ఏంటంటే, సామాన్యులు ఫ్లెమింగోలను దగ్గరగా చూడగలిగేది కూడా ఆ రోడ్డు మీద నుంచే.

చేపకు ఇబ్బందైతే మత్స్యకారుడికీ, గూడబాతుకూ ఒకేసారి ఇబ్బంది. అందుకే మూడు రోజుల పండుగ గొప్పగా జరిగిందా లేదా అన్నదానికంటే, మిగతా రోజుల్లో ముఖద్వారం తెరిచి ఉందా, చెరువులోకి నీళ్లొచ్చే కాలువలు బాగున్నాయా అన్నదే అసలు లెక్క.

స్టేజీ లేని పండుగ.. మన వీరాపురం

పక్షుల్ని చూడాలంటే అంత దూరమే వెళ్లాలా అంటే, అవసరం లేదు. మన శ్రీ సత్యసాయి జిల్లాలోనే, హిందూపురానికి దగ్గర్లో చిలమత్తూరు మండలం వీరాపురం ఉంది. ఎర్రకాళ్ల కొంగలు ఏటా ఈ ఊరికి వచ్చి, ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఇవి కూడా మన ఉపఖండం పక్షులే. వాటికి హాని చేయకూడదన్నది ఊరి కట్టుబాటు. అవి వస్తే ఊరికి మంచిదని నమ్మకం.

ఇక్కడ ప్రారంభోత్సవం లేదు, సినిమా పాటల్లేవు. కానీ సూళ్లూరుపేటకు వర్తించే సూత్రమే వీరాపురానికీ వర్తిస్తుంది. చుట్టుపక్కల చెరువుల్లో నీళ్లుంటే చేప ఉంటుంది, చేప ఉంటే కొంగ ఉంటుంది. కరువు సీమలో ఇది ఇంకా కష్టమైన లెక్క. చెట్టు ఎండినా, చెరువు ఎండినా ఆ ఏడాది గూళ్లకు దెబ్బే.

వెళ్లాలనుకుంటే ఇవి గుర్తుంచుకోండి

* సూళ్లూరుపేట చెన్నై–గూడూరు రైలు మార్గంలో ఉంది. మన వైపు నుంచి తిరుపతి మీదుగా వెళ్లొచ్చు.

* పండుగ తేదీలు ప్రతి ఏడాదీ మారతాయి. జిల్లా యంత్రాంగం ప్రకటించాకే టికెట్లు బుక్ చేసుకోండి.

* పక్షులే ముఖ్యం అనుకుంటే పండుగ రోజుల్లోనే వెళ్లాలని లేదు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు ఎప్పుడైనా బాగుంటుంది. జనం తక్కువ, పక్షులు ఎక్కువ.

* తెల్లవారగానే, లేదా సాయంత్రం ఎండ దిగాక వెళ్లండి. గూడబాతులు, కొంగలకు నేలపట్టు. ఫ్లెమింగోలకు అటకానితిప్ప వైపు, శ్రీహరికోట రోడ్డు.

* బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి. సెల్ఫీ కోసం గూళ్ల దగ్గరికి వెళ్లడం, కేకలు వేయడం, డ్రోన్లు ఎగరేయడం వద్దు. తల్లి పక్షి బెదిరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు దొరికిపోతాయి.

ఈసారి ఫ్లెమింగో ఫెస్టివల్ వీడియో మీ ఫోన్‌లోకి వచ్చినప్పుడు స్టేజీ మీద ఎవరున్నారో చూడటంతో ఆగిపోకండి. వెనకాల సరస్సులో నీళ్లు ఎంతున్నాయో కూడా చూడండి. వచ్చే ఏడాది పండుగ సంగతి అక్కడే తెలుస్తుంది.