మహారోగమన్న మాటకు డిచ్‌పల్లి ఇచ్చిన సమాధానము

మన పల్లెలలో కుష్ఠువ్యాధిని పేరు పెట్టి చెప్పుటకు వెరచి ‘మహారోగ’మనియు, ‘పెద్దరోగ’మనియు అనుట పరిపాటి. పేరు పలుకుటకే జంకెడు వ్యాధికి మందు కొరకు బయలుదేరుట ఎంత కష్టమో శ్రోతలు ఊహింపగలరు. ఆ వ్యాధితోను, దానిని చుట్టుకొన్న భయముతోను పోరాడిన ఒక వైద్యురాలి కృషిని ఇచ్చట వివరింపదలచినాము.

కరీంనగరు, ఆదిలాబాదులకు పొరుగున నిజామాబాదు ప్రాంతములో డిచ్‌పల్లి కలదు. స్కాట్లండులో జన్మించిన డాక్టరు ఇసబెల్ కెర్ గారు వైద్యపట్టము పొంది, క్రైస్తవ బోధకుడైన భర్త జార్జి కెర్ గారితో 1907లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. ఊరు వెలివేసిన కుష్ఠురోగులకు తలదాచుకొను చోటు లేకుండుట చూచి, 1911లో నిజామాబాదులో ఒక చిన్న ఆశ్రమమును నెలకొల్పిరి. స్థలము చాలకపోగా 1915లో అది డిచ్‌పల్లికి మారినది. ఈ పనికి హిందువైన రాజా నర్సాగౌడుగారు ధనసహాయము చేసిరి. కష్టములో ఉన్నవారిని ఆదుకొనుటకు మతము అడ్డురాలేదు.

ఆ దినములలో నమ్మదగిన మందు లేదు. మన ఆయుర్వేదమునకు చిరకాలముగా తెలిసిన తువరక తైలమును సూదిమందుగా ఇచ్చు పద్ధతిని కలకత్తాలో డాక్టరు మ్యూర్ గారు అభివృద్ధి చేయగా, కెర్ గారు దానిని డిచ్‌పల్లిలో అనుసరించిరి. అది పూర్ణమైన చికిత్స కాదు. అయినను ఆశ్రమమనగా మరణించువరకు పడియుండు చోటు కాదనియు, మందు పుచ్చుకొని ఇంటికి మరలుటకు ఆశ కలదనియు జనులు తలపసాగిరి. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము లభించినది. 1932లో ఆమె కీర్తిశేషులైరి.

డిచ్‌పల్లిలో పనిచేసిన మరియొక వైద్యుడు జాన్ లో గారు. వీరు పిమ్మట కలకత్తాలో పరిశోధన సాగించి, అటనుండి ఆఫ్రికాలోని నైజీరియాకు వెడలి, ఉజువాకోలి అను చోట రోగులకు సేవచేసిరి. ‘డాప్సోను’ అను చవుక మందును మాత్రగా మ్రింగించి మేలు చేయవచ్చునని వీరు 1950లో ప్రకటించిరి. తెలంగాణములో గడించిన అనుభవము ఆఫ్రికాలోని నిరుపేదలకు ఈ విధముగా ఉపకరించినది.

ఇంతకు ఈ వ్యాధి ఏమి? ఇది శాపము కాదు, వంశదోషము కాదు. 1873లో హాన్సెన్ అను నార్వే వైద్యుడు కనుగొన్న సూక్ష్మజీవి దీనికి కారణము. అది నరములను చెరచును. స్పర్శ పోయినచోట కాలినను, కోసికొన్నను తెలియదు. ఆ గాయములు ముదిరి వ్రేళ్ళు చెడును. అవకరము సంభవించుటకు ముఖ్యహేతువు ఆలస్యమే. 1982లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించిన బహుళ ఔషధచికిత్సతో ఆరు నెలలలో, లేదా సంవత్సరములో వ్యాధి నయమగును. ఈ మందులు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. మందు మొదలిడిన కొలదిదినములకే ఇతరులకు అంటు భయము తొలగును.

చట్టము సైతము నెమ్మదిగా మారినది. నిరుపేద రోగులను నిర్బంధింప వీలిచ్చిన 1898 నాటి శాసనము 2016లో రద్దయినది. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనలు 2019లో తొలగినవి. శాసనము తొలగినను ఇంటిలో కంచము వేరుచేయు అలవాటు తొలగకున్నచో, రోగి మచ్చను దాచుకొనుచునే యుండును. దాచిన ప్రతిదినము నరములకు నష్టమే.

కావున మేనిపై స్పర్శలేని పాలిపోయిన మచ్చగాని, ఎర్రని మచ్చగాని కనిపించినచో వెంటనే దగ్గరి ఆరోగ్యకేంద్రమునకు పోవలెను. ఇంటివారు దూరము కాక వెంట నడచి వెళ్ళుట మేలు.