తొలి జీతంతో కారా? ముందు కిలోమీటర్లు లెక్కేయండి!

ప్లేస్‌మెంట్ల సీజన్‌ ముగిసిందంటే హాస్టల్‌ గదుల్లో కొత్త చర్చ మొదలవుతుంది. బ్రెజానా, నెక్సానా, వెన్యూనా, సోనెట్టా? ఆఫర్‌ లెటర్‌ ఇంకా మెయిల్‌లోనే ఉంటుంది, కారు రంగు మాత్రం ఖాయమైపోతుంది. ఇంజినీరింగ్‌ జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న కూడా ‘అన్నా, ఏ కాంపాక్ట్‌ ఎస్‌యూవీ మంచిది?’ అనే. నేను తిరిగి అడిగేది ఒక్కటే.. ‘నీ ఆఫీసు ఎంత దూరం?’ రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కారును ఎంచుకునేటప్పుడు బ్రాండ్‌ కన్నా ముందు తేలాల్సిన సంగతి అదే. ఎందుకో చూద్దాం.

4 మీటర్ల గీత

షోరూముల్లో చాలా కాంపాక్ట్‌ ఎస్‌యూవీలు దాదాపు 3,995 మిల్లీమీటర్ల దగ్గరే ఎందుకు ఆగిపోతాయో గమనించారా? పన్నే కారణం. పొడవు 4 మీటర్లు దాటకుండా, పెట్రోల్‌ ఇంజిన్‌ 1,200 సీసీ లేదా డీజిల్‌ ఇంజిన్‌ 1,500 సీసీ లోపు ఉంటే అది చిన్న కారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటిపై జీఎస్టీ 18 శాతం. ఈ గీత దాటితే 40 శాతం. బ్రెజా పొడవు 3,995 మి.మీ.లే అయినా అందులో ఉన్నది 1.5 లీటర్ల పెట్రోల్‌ ఇంజిన్‌. కాబట్టి అది 40 శాతం శ్లాబులోకి వెళ్తుంది. అంతే పొడవున్న ఫ్రాంక్స్‌ 1.2 లీటర్ల ఇంజిన్‌తో 18 శాతంలో ఉంటుంది. అందుకే ధరలు పోల్చేటప్పుడు బయటి సైజు మాత్రమే చూస్తే సరిపోదు, బానెట్‌ కింద ఏముందో కూడా చూడాలి.

ప్రకటన మైలేజీ వేరు.. రోడ్డు మైలేజీ వేరు

కంపెనీలు చెప్పే మైలేజీ అబద్ధం కాదు. కాకపోతే అది ల్యాబ్‌లో రోలర్ల మీద, ఏసీ ఆపేసి, నిర్ణీత వేగాలతో నడిపి తేల్చిన అంకె. ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి పనికొస్తుంది, నెల ఖర్చు అంచనాకు పనికిరాదు. సాయంత్రం ఆరున్నరకు గచ్చిబౌలి నుంచి కూకట్‌పల్లి వెళ్లే కారు, ఏసీ వేసుకుని ఫస్ట్‌ గేరు, సెకండ్‌ గేరులోనే పాకుతుంటుంది. సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు 12-14 కి.మీ. వస్తుందని లెక్కేసుకుంటే తర్వాత బాధపడాల్సిన పని ఉండదు.

రోజుకు రానూపోనూ 40 కి.మీ., నెలకు 22 పనిదినాలు అనుకుందాం. మొత్తం 880 కి.మీ. లీటరుకు 13 కి.మీ. చొప్పున దాదాపు 68 లీటర్లు. లీటరు రూ.107 అనుకుంటే నెలకు సుమారు రూ.7,200 పెట్రోలుకే పోతుంది. మీ దూరం, మీ ఊరి ధర వేసి ఇదే లెక్క మీరూ చేసుకోవచ్చు.

పెట్రోలా, సీఎన్‌జీనా, డీజిలా?

సీఎన్‌జీ: ఇదే 880 కి.మీ.కి కిలోకు 20 కి.మీ. వస్తుందని, కిలో రూ.96 అని అనుకుంటే ఖర్చు రూ.4,200 పైచిలుకు. నెలకు రూ.3 వేలు మిగులు. సీఎన్‌జీ వేరియంట్‌కు రూ.90 వేలు అదనంగా పెట్టారనుకుంటే రెండున్నరేళ్లలో తిరిగి వస్తుంది. అదే మీరు రోజుకు 15 కి.మీ.లే తిరిగితే ఆ సొమ్ము రాబట్టుకోవడానికి ఆరేళ్లు దాటుతుంది. పైగా రోజూ వెళ్లే దారిలో సీఎన్‌జీ బంకు ఉందా, అక్కడ క్యూ ఎంతుంటుంది, సిలిండర్‌ పోను డిక్కీలో ఎంత చోటు మిగులుతుంది అన్నవీ చూసుకోవాలి.

డీజిల్‌: హైవే మీద దీనికి తిరుగులేదు. కానీ బీఎస్‌-6 డీజిల్‌ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా, ఒకే వేగంతో నడవాలి. రోజూ ఐదారు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోయే వాళ్లకు ఈ ఫిల్టరే తలనొప్పి. వారం వారం విజయవాడ-హైదరాబాద్‌ తిరిగేవాళ్లు మాత్రం డీజిల్‌ గురించి ఆలోచించొచ్చు.

ఎలక్ట్రిక్‌: కిలోమీటరు ఖర్చు అన్నిటికన్నా తక్కువ. జీఎస్టీ 5 శాతమే. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్‌ ట్యాక్స్‌ మినహాయింపు కూడా ఉంది. అయితే మీరు ఉండేది పీజీ హాస్టల్లోనో, పార్కింగ్‌ లేని అద్దె గదిలోనో అయితే రాత్రి చార్జింగ్‌ ఎక్కడ పెడతారు? ఇల్లు దొరికాకే ఈవీ.

‘నమ్మకమైన కారు’ అంటే?

ఎప్పుడూ చెడిపోని కారంటూ ఉండదు. తక్కువగా చెడిపోయేది, చెడిపోతే మీ ఊళ్లోనే తక్కువ ఖర్చుతో బాగయ్యేది నమ్మకమైన కారు. అందుకు నాలుగు విషయాలు చూడండి.

ఇంజిన్‌: టర్బో లేని మామూలు పెట్రోల్‌ ఇంజిన్‌లో భాగాలు తక్కువ. పంచ్‌, ఎక్స్‌టర్‌, ఫ్రాంక్స్‌, వెన్యూతో పాటు మన పెనుకొండ దగ్గరి కియా ప్లాంటులో తయారయ్యే సోనెట్‌లోనూ 1.2 లీటర్ల ఇలాంటి ఇంజిన్లు ఉన్నాయి. సిటీ వేగానికి ఇవి చాలు. టర్బోలో జోరు ఎక్కువ, ఆ జోరు వాడితే పెట్రోలూ ఎక్కువే.

గేర్‌బాక్స్‌: ట్రాఫిక్‌లో ఎడమ కాలికి విశ్రాంతి కావాలంటే ఆటోమేటిక్‌ మంచిదే. ఏఎంటీ చవక, గేరు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంటుంది. డీసీటీ హుషారుగా ఉంటుంది కానీ ఖరీదు, నత్తనడక ట్రాఫిక్‌లో వేడెక్కే గుణమూ ఉంది. టెస్ట్‌ డ్రైవ్‌ ఖాళీ రోడ్డు మీద కాదు, ఆఫీసు వదిలే వేళ అడగండి.

భద్రత: మన దేశపు సొంత క్రాష్‌ టెస్టు విధానం ‘భారత్‌ ఎన్‌క్యాప్‌’ 2023 అక్టోబరులో మొదలైంది. స్టార్‌ రేటింగ్‌ చూడకుండా అడ్వాన్స్‌ కట్టొద్దు. సన్‌రూఫ్‌కు పెట్టే డబ్బు ముందు భద్రతకు పెట్టండి.

సర్వీస్‌: మీరుండే చోటికి దగ్గర్లో సర్వీస్‌ సెంటర్‌ ఉందా? అదే మోడల్‌ మూడేళ్లుగా నడుపుతున్న ఇద్దరితో మాట్లాడితే పది రివ్యూ వీడియోలు చూసినంత లాభం. మార్కెట్లోకి అప్పుడే వచ్చిన మోడల్‌ అయితే ఏడాది ఆగడం మేలు.

అసలు పరీక్ష ఈఎంఐ

ఆన్‌రోడ్‌ రూ.10 లక్షల కారుకు రూ.2 లక్షలు కట్టి మిగతాది అప్పు తీసుకున్నారనుకుందాం. 9 శాతం వడ్డీతో ఏడేళ్లకైతే ఈఎంఐ దాదాపు రూ.12,900. మొత్తం వడ్డీ రూ.2.8 లక్షలు. ఐదేళ్లకైతే ఈఎంఐ రూ.16,600, వడ్డీ రూ.1.96 లక్షలు. ‘ఈఎంఐ తక్కువే కదా’ అని షోరూమ్‌లో ఏడేళ్లు అంటగడితే ఎవరికి లాభమో తెలుస్తోందిగా!

ఇప్పుడు మొత్తం కలపండి. ఏడేళ్ల ఈఎంఐ 12,900, పెట్రోలు 7,200, బీమా, సర్వీసు, పార్కింగ్‌, టైర్లకు నెలకు 3,000.. వెరసి రూ.23 వేలు. 880 కి.మీ.తో భాగిస్తే కిలోమీటరుకు రూ.26, ఆఫీసుకు వెళ్లే ప్రతి రోజుకూ రూ.1,050. ఆ డబ్బుతో క్యాబ్‌లో ఎంత దూరం వెళ్లొచ్చో యాప్‌ తెరిచి చూడండి. రూ.6 లక్షల ప్యాకేజీ అంటే పీఎఫ్‌, గ్రాట్యుటీ, బోనస్‌ లాంటివి పోను చేతికొచ్చేది చాలాచోట్ల నెలకు రూ.42-45 వేలే. అందులో సగం కారే తినేస్తే ఇంటికి ఏం పంపుతారు? విద్యారుణం ఎలా తీరుస్తారు?

డబ్బు ఒక్కటే కాదు. తొలి రెండు మూడేళ్లు కెరియర్లో మలుపులు తిరిగే కాలం. నచ్చని ప్రాజెక్టు నుంచి బయటపడాలన్నా, గేట్‌కు ఆరు నెలలు చదవాలన్నా, తక్కువ జీతమైనా నేర్చుకునే అవకాశమున్న స్టార్టప్‌లో చేరాలన్నా చేతిలో కాస్త వెసులుబాటు ఉండాలి. నెల నెలా ఐదో తారీఖున కోసుకునే ఈఎంఐ ఆ వెసులుబాటును ముందే తాకట్టు పెట్టేస్తుంది.

కొనే ముందు..

* ప్రొబేషన్‌ పూర్తయ్యాకే లోన్‌ మాట. ఆలోగా నెల నెలా ఆ ఈఎంఐ సొమ్మును పక్కన పెట్టి చూడండి. ఆరు నెలలు పెట్టగలిగితే డౌన్‌పేమెంటులో కొంత సిద్ధమవుతుంది, కట్టగలరో లేదో కూడా తేలిపోతుంది.
* ఈఎంఐతో కలిపి కారు మొత్తం ఖర్చు చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు దాటకూడదు.
* ఎక్స్‌షోరూమ్‌ ధర కాదు, ఆన్‌రోడ్‌ కొటేషన్‌ రాతపూర్వకంగా తీసుకోండి. బీమా డీలర్‌ దగ్గరే చేయించాలన్న నిబంధన లేదు. బయట కూడా ధర కనుక్కోండి.
* మూడు నాలుగేళ్లు నడిచిన సెకండ్‌ హ్యాండ్‌ కారునూ పరిశీలించండి. సర్వీస్‌ రికార్డు, ఆర్‌సీ మీద బ్యాంకు అప్పు, పెండింగ్‌ చలాన్లు, ఈ20 పెట్రోలుకు సరిపోతుందా అన్నవి తప్పక చూడండి.
* ఆఫీసు మెట్రో దారిలో ఉంటే, రోజూ మెట్రో, వారాంతానికి అద్దె కారు.. ఈ లెక్క కూడా ఒకసారి వేయండి.

ఇన్ని లెక్కల తర్వాత కూడా కారే సరైనదని తేలితే నిశ్చింతగా కొనండి. తేలకపోతే ఇంకో ఏడాది ఆగండి. కొత్త మోడళ్లు వస్తూనే ఉంటాయి.