నెగిటివు మీది నారింజరంగు

పెండ్లి ఆల్బము చెదలపాలైనను, నెగిటివులు మాత్రము ఏదో పాత కవరులో మిగిలియుండుట పెక్కు ఇండ్ల అనుభవమే. వానిని స్కాన్ చేసి, కంప్యూటరులో ఫొటోలు దిద్దు సాఫ్ట్‌వేరునందు 'ఇన్వర్ట్' అను ఆజ్ఞ నిచ్చినచో నలుపు తెలుపు నెగిటివు తక్షణమే బొమ్మయగును. రంగుల నెగిటివు అట్లు లొంగదు. పెండ్లికూతురి పసుపు పాదములు సైతము నీలిపొగలో మునిగినట్లు కనబడును. ఫిల్ము చెడినదని తలచి పారవేయువారును కలరు. అది తొందరపాటు.

ఫిల్ములో మూడు పొరలు కలవు. డెవలపు చేయునపుడు వానిలో పసుపు, మెజెంటా, సయాన్ అను రంగులు ఏర్పడును. మెజెంటా ఆకుపచ్చ కాంతిని మాత్రమే ఆపవలెను. కాని కొంత నీలికాంతిని కూడ మ్రింగును. సయానుకును ఇట్టి దోషమే కలదు. దీనిని నిర్మూలించుట సాధ్యము కాకపోగా, కొడాక్ సంస్థ శాస్త్రజ్ఞుడు హాన్సన్ 1940 దశకమున ఒక చమత్కారమైన ఉపాయము పన్నెను. మెజెంటాను పుట్టించు పదార్థమునకే ముందుగా పసుపు ఛాయ నిచ్చిరి. మెజెంటా ఏర్పడినచోట ఆ ఛాయ నశించును, ఏర్పడనిచోట నిలుచును. కావున నీలికాంతికి కలుగు నష్టము ఫిల్ము అంతటను సమానమగును. సయాన్ పొరలో ఎఱ్ఱని ఛాయ ఇదే పని చేయును. ఈ రెండును కలిసినదే మనము చూచు నారింజరంగు. అంతటను సమానమైన దోషమును లెక్క కట్టి తొలగింపవచ్చును గదా!

స్కాన్ చేయునపుడు బొమ్మ ప్రక్కన, వెలుతురు సోకని ఖాళీ ఫిల్మును కొంచెము చేర్చికొనుడు. స్కానరు తనంతట తాను రంగులు దిద్దు ఏర్పాటును ఆపివేయుడు. 8 బిట్ల స్కానులో ఒక్కొక్క వర్ణమునకు మెట్లు 256. 16 బిట్లలో 65,536. మెట్లు చాలనిచో, తరువాత సాగదీసినపుడు ఆకాశము చారలు దేలును.

ఖాళీ అంచులో ఎఱుపు 200, ఆకుపచ్చ 120, నీలము 80 ఉన్నవనుకొందము. బొమ్మయందలి ప్రతి చుక్కను ఆయా అంకెలతో భాగింపవలెను. తీసివేత పనికిరాదు, నారింజ తెర తనపై పడిన కాంతిలో ఒక వంతును ఆపునేగాని, ఇంతయని నిర్ణీతముగ కోయదు. గింప్, ఫొటోషాప్‌లలో అంచు రంగు నింపిన లేయరును పైనుంచి 'డివైడ్' పద్ధతి నెన్నుకొన్న చాలును. ఉచితముగ లభించు డార్క్‌టేబుల్‌లో 2020 నుండి 'నెగడాక్టర్' అను విభాగమే ఇందులకు కలదు.

ఇప్పుడు ఇన్వర్ట్ చేసిన అంచు నల్లనగును. పిదప 'లెవెల్స్'లో మూడు వర్ణములను విడివిడిగ సవరింపుడు. పెండ్లికొడుకు తెల్లపంచె మడతలు చూడుడు. వాని నీడలలో పచ్చదనము గాని ఎఱ్ఱదనము గాని లేకున్న పని కుదిరినట్లే.

పాత ఫిల్ములలో ఒక చిక్కు కలదు. మూడు రంగులును ఒకే వేగముతో వెలియవు. చీకటి భాగములు ఒక ఛాయకు, వెలుగు భాగములు మఱియొక ఛాయకు తిరుగును. అపుడు ఒక్క భాగహారముతో పని తీరదు. కావున ఈ సెలవులలోనే కవరు విప్పుడు. మార్చిన బొమ్మతోపాటు, మార్చని నారింజ స్కానును కూడ వేఱుగ దాచియుంచుడు.