వేల్స్ మహనీయులు: అపోహలు – వాస్తవాలు

వేల్స్ దేశపు కవులను గుఱించియు మతబోధకులను గుఱించియు లోకమున వ్యాపించిన కథలలో ఒక సామాన్యదోషము కనబడును: ఒక్క వ్యక్తిని ఆకాశమున కెత్తుటకై అవి ఆ వ్యక్తి ప్రక్కన నిలిచినవారి నందఱిని మఱుగుపఱచును. ఆ మఱుగు తొలగించినచో మహనీయుల కీర్తికి లోటు రాదు. ప్రక్కవారికి న్యాయముగా రావలసిన గౌరవము మాత్రము వారికి దక్కును.

హెద్ విన్ అను కవినామముతో ప్రసిద్ధికెక్కిన ఎల్లిస్ హంఫ్రీ ఎవాన్స్ వృత్తాంతము ఇందుకు ముఖ్యోదాహరణము. చదువుసంధ్యలు లేని గొఱ్ఱెలకాపరి యొకడు దేశభక్తి యుప్పొంగి మొదటి ప్రపంచయుద్ధమునకు బోయి, జీవితమున ఒకే యొక కావ్యము వ్రాసి, దానికి బహుమానము లభించిన దినముననే నేలకొఱిగెనని పలువురు నమ్ముచున్నారు. ఇందు కాపరి యను మాట తప్ప తక్కిన దేదియు నిలువదు. 1887లో ట్రౌస్‌వనిద్ గ్రామమున జన్మించి, అస్గూర్న్ అను కొండపొలమున పదునొకండుగురు బిడ్డలలో జ్యేష్ఠుడై పెరిగిన ఈతడు పదునాలుగవ యేటివఱకు బడిలో చదివెను. వెల్ష్ కవులు పోటీపడు సభను ఐస్టెద్‌వోద్ అందురు; అందు ఛందోబద్ధమైన ఉత్తమకావ్యమునకు చెక్కడపు పీఠమును బహూకరింతురు. అట్టి పీఠమును ఈతడు 1907లో, ఇరువదియేండ్ల ప్రాయముననే, బాలా పట్టణమున గెలిచెను. తరువాత మఱికొన్ని పీఠము లాయింటికి చేరినవి. 1916లో ఆబెరిస్ట్‌విత్‌లో జరిగిన జాతీయసభలో ద్వితీయస్థానము లభించెను.

యుద్ధమునకు ఆతడు ఉవ్విళ్లూరుచు పోలేదు. నిర్బంధ సైనికసేవ అమలులోనికి వచ్చినప్పుడు ఆ కుటుంబమునుండి ఒక కుమారుడు పోక తప్పని స్థితి యేర్పడగా, తమ్ముడు రాబర్ట్ పోనక్కఱలేకుండ అన్న తాను పోయెను. 1917 వసంతమున దున్నకపు పనులకై సైనికులను పొలములకు పంపిన కాలమున ఏడువారములు ఇంట నుండి, ‘అర్ అరూర్’ అను కావ్యమును చాలవఱకు సాగించి, ఫ్రాన్సు చేరిన పిమ్మట జూలైలో మాఱుపేరుతో దానిని పోటీకి పంపెను. అదే నెల 31వ తేదీన బెల్జియములోని పిల్కెమ్ గుట్టపై జరిగిన దాడిలో మరణించెను. బర్కెన్‌హెడ్ నగరమున పీఠప్రదానము జరిగినది సెప్టెంబరు 6న. ఆనాడు సభలో తూర్యనాదము మ్రోగెను, సభాపతియైన డవెద్ కవి విజేత మాఱుపేరును పిలిచెను, ఎవ్వరును లేవలేదు. అప్పుడు కవి యుద్ధమున మరణించిన వార్తను ప్రకటించి పీఠముపై నల్లనివస్త్రము కప్పిరి. ఆ క్షణముననే మరణవార్త లోకమునకు తెలిసినదనుటయు పొరపాటే. అస్గూర్న్‌లోని తల్లిదండ్రులకు అది ఆగస్టుననే చేరినది.

‘నల్ల పీఠము’ అను ప్రసిద్ధినిబట్టి కొందఱు ఆ యాసనమే నల్లనిదని తలంతురు. నలుపు వస్త్రమునది, ఆసనము ఓక్ కఱ్ఱతో చేసినది. దానిని చెక్కినవాడు యూజీన్ వాన్‌ఫ్లెటెరెన్, యుద్ధమునుండి తప్పించుకొని బెల్జియమునుండి బర్కెన్‌హెడ్ చేరిన శరణార్థి. ఏ దేశపు మట్టిలో కవి దేహము నేటికిని ఉన్నదో, ఆ దేశపు శిల్పి చేతులే ఆతని పీఠమును తీర్చినవి. కథ చెప్పువారు ఈ శిల్పిని తలంపకుండుట నాకు మిక్కిలి బాధ గలిగించును.

ఐస్టెద్‌వోద్ సభలోని డ్రూయిడ్ (ప్రాచీన కెల్టిక్ పురోహిత) వేడుకలు క్రైస్తవపూర్వకాలమునాటివనుటయు అపోహయే. వాటిని కల్పించినవాడు అయొలో మొర్గానుగ్ అను రాతిపనివాడు. తొలివేడుక 1792లో, అదియును లండనులో, జరిగెను. కవితాస్పర్ధ మాత్రము నిజముగా ప్రాచీనమే: 1176లో రైస్ ప్రభువు కార్డిగన్ కోటలో అట్టి సభను నడపెను.

1917నాటి బర్కెన్‌హెడ్ సభలో బ్రిటిషు ప్రధానమంత్రి డేవిడ్ లాయిడ్ జార్జి ఉపస్థితుడై యుండెను. ఈతడు వేల్స్‌లో పుట్టెనని అనేకు లనుకొందురు. పుట్టినది 1863లో, మాంచెస్టరులో. అయినను మాతృభాష వెల్ష్ భాషయే. బడిపంతులైన తండ్రి ఆతని పసితనముననే గతించగా, మేనమామ రిచర్డ్ లాయిడ్ పెంచి పెద్దచేసెను. చెప్పులు కుట్టి జీవించుచు, జీతము గొనక ప్రార్థనామందిరమున బోధించిన ఆ పుణ్యాత్ముని యింటిపేరే ప్రధానమంత్రి పేరున నిలిచినది.

కీర్తనకర్త్రి ఆన్ గ్రిఫిత్స్ విషయమున అపోహ తలక్రిందులుగా నున్నది. ఆమె నిరక్షరాస్యురాలైన పల్లెపడుచనియు, దైవప్రేరణచే కీర్తనలు పలికెననియు చెప్పుదురు. 1776లో మాంట్‌గోమరీషైర్‌లోని డోల్వర్ ఫాఖ్ పొలమున పుట్టిన ఆన్ చదువ నేర్చినది, వ్రాయ నేర్చినది. ఆమె లేఖలు ఎనిమిది మనకు దక్కినవి. బాల్యమునుండియు విరాగిణి యనుటయు సరికాదు. ఆటపాటలతో కళకళలాడిన యింట పెరిగి, నృత్యమునందు మక్కువ గలదై, ఇరువదియేండ్ల ప్రాయమున భక్తిమార్గమునకు మఱలెను. అక్షరములు రానిది ఆ యింటి పనికత్తె రూత్. ఆన్ పాడిన చరణములను విని, హృదయమున నిలుపుకొన్నది రూత్. 1805లో ప్రసవానంతరము ఇరువదితొమ్మిదేండ్లకే ఆన్ కన్నుమూయగా, రూత్ నోట వెలువడిన వానిని రూత్ భర్తయు మతబోధకుడును అగు జాన్ హ్యూస్ లిఖించెను. మఱుసటి యేడు అవి అచ్చుపడెను. డెబ్బదికి పైబడిన ఆ చరణములలో కవయిత్రి స్వహస్తమున నిలిచినది ఒక్కటే, అది యొక లేఖ చివర నున్నది. వెల్ష్ భక్తిసాహిత్యమున శిఖరములని పండితులు కొనియాడు ఆ కీర్తనలు ఒక పనికత్తె ధారణాశక్తి లేనిచో ఆన్‌తోపాటు సమాధి చేరియుండెడివి. రూత్ పేరు లేకుండ ఆన్ చరిత్రను చెప్పుట న్యాయము కాదని నా దృఢాభిప్రాయము.

అదే మాంట్‌గోమరీషైర్‌లో వడ్రంగి కుమారుడుగా పుట్టిన థామస్ జోన్స్ మతబోధకుడై మన దేశమునకు వచ్చెను. మేఘాలయలోని ఖాసీ భాషకు ఇంగ్లీషువారు తమ వర్ణక్రమమునే యిచ్చిరని మనలో చాలమంది భావింతురు; అది సరికాదు. శ్రీరాంపూర్ మిషనరీలు మొదట ఆ భాషను బెంగాలీలిపిలో వ్రాయ యత్నించిరి. 1841 జూన్ 22న చిరపుంజి చేరిన జోన్స్, కొంత ఇంగ్లీషు నేర్చిన ఖాసీ యువకుల సహాయమున భాష నభ్యసించి, రోమనులిపిని తన వెల్ష్ వర్ణక్రమము ననుసరించి కూర్చెను. ఖాసీ అక్షరమాలలో ‘జీ’ తరువాత ‘ఎన్‌జీ’ ప్రత్యేకాక్షరముగా నిలుచుట ఆ వెల్ష్ సంప్రదాయమే. ఆతడు కడవఱకు తన మిషను ఆదరమున వర్ధిల్లెననుటయు అసత్యము. భార్య మరణానంతరము చేసికొన్న రెండవ వివాహము, వ్యాపారప్రవృత్తి మొదలగు కారణములచే మిషను 1847లో ఆతనిని తొలగించెను. ఖాసీలను పీడించుచున్న హ్యారీ ఇంగ్లిస్ అను వర్తకుని నెదిరించి, ఖాసీ కొండలు విడిచి పాఱిపోవలసివచ్చి, 1849లో కలకత్తాలో మలేరియాచే మరణించెను. ఆతని సమాధి అచ్చటి స్కాటిష్ శ్మశానవాటికలో నున్నది; మేఘాలయ రాష్ట్రము జూన్ 22ను ఆతని పేర పాటించుచున్నది.