రొయ్యల ప్యాకెట్ చెప్పిన సుంకాల కథ

2025 సెప్టెంబరులో ఒక ఆదివారం రొయ్యల ప్యాకెట్ తీసి వెనక్కి తిప్పాను. 'ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా'. మా భీమవరం చెరువుదేమో అని మురిసిపోతూ ధర చూస్తే, కిందటిసారి కంటే ఎక్కువ. మీకూ ఇలాగే అయ్యే ఉంటుంది.

ఆగస్టు 7న అమెరికా మన దేశపు సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. 27న ఇంకో 25 కలిపింది. రొయ్యలకు అంతకుముందే ఉన్న యాంటీ డంపింగ్ సుంకం దీనికి అదనం. ఈక్వడార్ రొయ్యలకు మాత్రం అప్పుడు 15 శాతమే ఉండేది.

ఈ సుంకం కట్టేది ఇండియా కాదండీ, ఇక్కడి దిగుమతిదారు. అతను కొంత మన బిల్లులో వేస్తాడు, కొంత తగ్గించుకోమని ఎగుమతిదారును అడుగుతాడు. ఆయన చెరువు గట్టున రైతుకిచ్చే రేటు కోస్తాడు.

బాబాయికి ఫోన్ చేశాను. "మేత తగ్గలేదమ్మా, కరెంటు బిల్లు తగ్గలేదు, రొయ్య రేటే తగ్గింది" అన్నాడు. పిన్నిది ఇంకో దిగులు. ప్లాంట్లలో రొయ్యలు ఒలిచేది ఎక్కువగా ఆడవాళ్లే. సరుకు ఆగితే ముందు ఆగేది వాళ్ల కూలీ.

డిగ్రీ కెమిస్ట్రీలో చదివాను, ఒత్తిడి పెడితే సమతాస్థితి ఎటో ఒకవైపు జరుగుతుందని. ఇక్కడ రెండు వైపులా జరిగింది: నా బిల్లు వైపూ, బాబాయి చెరువు వైపూ.

రెండు ప్యాకెట్లు కొనేదాన్ని, ఒక్కటే బుట్టలో వేసుకున్నాను. ఆ రెండోది కూడా బాబాయి లెక్కలోనే తగ్గుతుందని ఇంటికొచ్చాక తట్టింది.