కాలేయంలో నీటితిత్తి - కుట్ల కింద గడ్డ

గొర్రెను కోసినప్పుడు కాలేయంలో నీళ్ళు నిండిన తెల్లని తిత్తులు ఎప్పుడైనా చూశారా? పనికిరావని వాటిని కుక్కకు విసిరేస్తారు. కథంతా అక్కడే మొదలవుతుంది!

ఆ తిత్తి ఎకైనోకాకస్ అనే బద్దెపురుగు డింభకం. తిత్తిని తిన్న కుక్క పేగులో అది పూర్తిగా ఎదుగుతుంది. ఎదిగినా పొడవు అర సెంటీమీటరే! దాని గుడ్లు కుక్క మలంతో బయటికి వచ్చి గడ్డి మీద పడతాయి. ఆ గడ్డిని గొర్రె మేస్తుంది. కుక్కను నిమిరి చేతులు కడుక్కోకుండా అన్నం తింటే ఆ గుడ్లు మన కడుపులోకీ చేరతాయి. డింభకం పేగు గోడను తొలుచుకుని, రక్తంతోపాటు ఎక్కువగా కాలేయానికి చేరుతుంది. అక్కడ ఏళ్ళ తరబడి తిత్తిగా పెరుగుతుంది.

తిత్తిలోని నీరు తేటగా ఉంటుంది. అందులో ఇసుకలాంటి నలుసులుంటాయి. అవి పురుగు తలలు! శస్త్రచికిత్సలో ఆ నీరు చిందితే రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది వెంటనే వస్తుంది. ఆ నీటిలోని మాంసకృత్తులను శరీరం శత్రువులుగా ఎంచి తిరగబడుతుంది. ఒంటినిండా దద్దుర్లు లేస్తాయి. ఒక్కోసారి రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. రెండోది అరుదు, నిదానం. కోతలో చిక్కుకున్న నలుసు చర్మం కింద కొత్త తిత్తిగా పెరుగుతుంది. ఎప్పుడో మానిన కుట్ల దగ్గర గడ్డ కనిపిస్తుంది. ఒక్కోసారి అది చిట్లి నీరు కారుతుంది. అటువంటి గడ్డను గుచ్చకూడదు, నొక్కకూడదు. పాత ఆపరేషన్ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

అందుకే సర్జన్లు తిత్తి చుట్టూ చిక్కని ఉప్పునీటిలో తడిపిన గుడ్డలు పరుస్తారు. ఎందుకో చెప్పగలరా? ఉప్పునీటిలో వేసిన ద్రాక్షపండు ముడుచుకుపోయే ప్రయోగం గుర్తు తెచ్చుకోండి. అదే ద్రవాభిసరణ! నలుసులోని నీరు బయటికి పోయి అది చస్తుంది. ఆపరేషన్‌కు ముందూ తరువాతా ఆల్బెండజోల్ మాత్రలు కూడా ఇస్తారు.

ఒకప్పుడు ఐస్‌లాండులో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. 1863లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె అక్కడికి వెళ్ళి కుక్కలను కోసి పరీక్షించాడు. తిత్తులను కుక్కలకు వేయవద్దని చెప్పే ఆయన చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ పంచారు. జనం చదివారు, పాటించారు. 20వ శతాబ్దంలో ఆ దీవి ఈ జబ్బునుంచి బయటపడింది.

గొర్రెలూ కుక్కలూ కలిసి తిరిగే మన తెలుగు పల్లెల్లోనూ ఈ జబ్బు కనిపిస్తూనే ఉంది. తిత్తులను లోతుగా పాతిపెట్టమని పెద్దలకు చెప్పండి. పెంపుడు కుక్కకు పశువుల డాక్టరుచేత పురుగుల మందు వేయించండి. అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. సర్జను కత్తి దాకా పోనివ్వకుండా ఆపగల పని ఇది. అది మీ చేతుల్లోనే ఉంది!